నాలుగు నాలుగు ఒకటి ఏడు

శవం మీద ఎనిమిది టైర్లు ఉన్నాయి.

అన్నీ లారీ టైర్లే. దొంతర కాస్త పక్కకి ఒరిగి ఉంది. దాని కింద నుంచి ఒక కుడిచెయ్యి మోచేతి దాకా బయటికి వచ్చింది. వేళ్ల మధ్య అరంగుళం సుద్దముక్క ఇరుక్కుని ఉంది.

టైము పదీ పది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగి ఆ చేతి దగ్గర కూర్చుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె చాలా చేతులు చూసింది. చివరి నిమిషంలో మనిషి చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలని చూస్తుంది. ఈ చెయ్యి దేన్నీ పట్టుకోవాలని చూడలేదు. రాస్తూ రాస్తూ ఆగిపోయినట్టుంది.

అది పాత టైర్ల యార్డు. ఊరూరి నుంచీ అరిగిన టైర్లు ఇక్కడికి వస్తాయి. మిషన్‌లో పడి ముక్కలై, ఆ ముక్కలు పొడై బయటికి పోతాయి. దొంతరలు ఎంత ఎత్తుండాలి, వరసల మధ్య ఎంత దారి వదలాలి, వచ్చినవెన్ని, కోసినవెన్ని, అన్నింటికీ రూల్స్ ఉన్నాయి. కోసిన ప్రతి టైరునీ నంబరుతో సహా ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించాలి. కాల్చిన రబ్బరు వాసన గేటు దాటకముందే గొంతులో కూర్చుంటుంది. ఎండ బాగా కాస్తున్నా వరసల మధ్య నేల నల్లగా, చల్లగా ఉంది.

చనిపోయింది రిజిస్టర్ గుమాస్తా. వయసు యాభై ఆరు. యార్డులో అందరికీ ఆయన మాస్టారు. ఏ బళ్లోనూ పాఠం చెప్పిన మనిషి కాదు, అంకె తప్పితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

మేనేజర్ చెప్పింది తిన్నగానే ఉంది. మాస్టారు పొద్దున్నే నాలుగో వరస లెక్కపెట్టడానికి వెళ్లారు. నిలబడకూడని చోట నిలబడ్డారు. దొంతర కూలింది. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా అందరూ టీకి షెడ్డులోకి పోయారు కాబట్టి ఎవరూ చూడలేదు. తొమ్మిదీ పదికి మేనేజరే చూసి కేక వేశాడు.

"కూలిన చప్పుడు ఎవరైనా విన్నారా?"

"లేదు మేడమ్."

"మిషన్ నడుస్తోందా అప్పుడు?"

"టీ టైములో ఆపేస్తాం."

ఇన్‌స్పెక్టర్ తల ఊపింది. ఇంతలో ఆఫీసులోంచి ఒక కాగితం వచ్చింది. యాక్సిడెంట్ రిపోర్టు. కారణం: మృతుని స్వీయ నిర్లక్ష్యం. పోర్టల్‌కి పంపిన టైము తొమ్మిదీ నలభై. చావుకబురు ఇంటికి చేరకముందే రిపోర్టు చేరాల్సిన చోటికి చేరిపోయింది. ఇంత చురుకైన ఆఫీసు ఇన్‌స్పెక్టర్ ఇదివరకెప్పుడూ చూడలేదు. ఆమెకు అది నచ్చలేదు.

ఫొటోలు తీశాక టైర్లు దించమంది. హెడ్ కానిస్టేబుల్ చొక్కా చేతులు మడిచి పై టైరు పట్టుకుని లాగాడు. దాని కడుపులోంచి బిందెడు మురికినీళ్లు ఆయన యూనిఫాం మీద కుమ్మరించినట్టు పడ్డాయి. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"వంచి ఎత్తాలి సార్," అన్నాడు పక్కనున్న ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్, నవ్వు ఆపుకుంటూ.

"ఆ ముక్క ముందు చెప్పి ఏడవొచ్చు కదయ్యా," అన్నాడు హెడ్డు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. మిగతా టైర్లలోకి తొంగి చూసింది. ఎనిమిదిట్లో ఆరింటిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. అన్నింటిలోనూ దోమపిల్లలే. ఆఖరి వాన ఎప్పుడు పడిందని అడిగితే ఆరు రోజులైందన్నారు. డైరీలో రాసుకుంది.

శవం బయటికి వచ్చింది. తల వెనక సన్నటి, లోతైన గాయం ఒకటే ఉంది.

మాస్టారి కూతురు పదకొండింటికి వచ్చింది. పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. తండ్రి మొహం చూసింది, దుప్పటి సరిచేసింది, తర్వాత ఇన్‌స్పెక్టర్‌ని పక్కకి రమ్మంది. ఏడవలేదు.

"ఏడూ యాభై రెండుకి నాన్న ఫోన్ చేశారు మేడమ్. నేను స్టాఫ్ బస్సు ఎక్కబోతున్నా."

"ఏమన్నారు?"

"నాలుగు నాలుగు ఒకటి ఏడు చచ్చిందమ్మా, నేనే చంపాను, ఇప్పుడది నీ బస్సు కింద ఉంది, నువ్వు ఎక్కకు. అంతే. పెట్టేశారు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

ఆ పిల్ల మిగతాది కూడా చెప్పింది. భయపడి బస్సు ఆపించింది. డ్రైవరూ తనూ వంగి కింద చూశారు. ఏమీ లేదు. తోటి నర్సులు నవ్వారు. సిగ్గేసింది. తండ్రికి మతి చెడిందనుకుని బస్సెక్కి కూర్చుంది. తిరిగి ఫోన్ కూడా చెయ్యలేదు.

"మా నాన్న చీమకి కూడా హాని చెయ్యరు మేడమ్. మరి నేనే చంపానని ఎందుకన్నారు? ఎవర్ని చంపారు?"

ఆ ప్రశ్నకి జవాబు దొరక్కపోతే ఈ పిల్ల బతుకంతా దాన్నే మోస్తుందని ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. ఫోన్ సంగతి యార్డులో ఎవరికీ చెప్పొద్దంది. కనుక్కుంటానని మాటిచ్చింది. ఇవ్వకూడని మాట అని తెలిసే ఇచ్చింది.

హెడ్డు దగ్గర అప్పటికే ఒక కథ సిద్ధంగా ఉంది. మాస్టారు ఎవరినో చంపాడు, శవాన్ని ఏదో బస్సు కింద తోశాడు, పాపభయంతో దొంతర కిందకెళ్లి నిలబడ్డాడు. తడి యూనిఫాం వల్ల హెడ్డుకి చిరాకుగా ఉంది. చిరాకులో ఆయన బుర్ర ఇలాగే పనిచేస్తుంది. అయినా ఇన్‌స్పెక్టర్ రెండు స్టేషన్లకి ఫోన్ చేసింది. నాలుగు నాలుగు ఒకటి ఏడు నంబరున్న బండి కింద పడి ఎవరైనా పోయారా? ఎవరూ పోలేదు.

యజమాని పదిన్నరకి కారులో దిగాడు. గేటు కెమెరాలో ఆ టైమే ఉంది. పొద్దున ఆయన పక్క ఊళ్లో ఉన్నాడు. మాస్టారికి ఈమధ్య మనసు బాగోలేదన్నాడు. ఎవరు చెప్పారంటే తన బావమరిది చెప్పాడన్నాడు. మూడింటికి మిషన్ తిప్పుకోవచ్చా, నాలుగో వరస కోసేసి ఖాళీ చేసుకోవచ్చా అని కూడా అడిగాడు. వద్దంది.

ఆ బావమరిదికి యార్డులో పోర్టల్ బాబు అని పేరు. రిపోర్టులన్నీ ఎక్కించేది అతనే. మూడేళ్లుగా ఇక్కడే ఉన్నా టైరు మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఏసీ గది, తెల్లచొక్కా, టేబుల్ మీద చేతులు శుభ్రం చేసుకునే సీసా. ఇన్‌స్పెక్టర్ వెళ్లేసరికి పోర్టల్ తెరిచే ఉంది.

"పొద్దున ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఎనిమిదీ ఐదుకి లాగిన్ అయ్యాను. నెల రిపోర్టు. తొమ్మిది దాకా సీట్లోంచి లేవలేదు."

"మాస్టారు కనిపించారా?"

"ఏడూ యాభైకి వచ్చి ఏదో గొణిగి వెళ్లాడు. పెద్దాయన కదా, పట్టించుకోలేదు."

"ఏమని గొణిగారు?"

"నాకు అర్థం కాలేదు."

"ఆయన రిజిస్టర్ ఏది?"

చేతి రిజిస్టర్లు మానేశామన్నాడు. అంతా ఆన్‌లైనేనట. మాస్టారి టేబుల్ సొరుగులో మాత్రం నాలుగు ఖాళీ రీఫిల్సు, ఒక సుద్దల పెట్టె ఉన్నాయి. రిజిస్టర్ మానేసిన మనిషికి రీఫిల్సు ఎందుకు అయిపోతాయి?

ఇన్‌స్పెక్టర్ ఆ గదిలో కావాలనే చాలాసేపు కూర్చుంది. కుటుంబం గురించి, ఉద్యోగం గురించి, ఉన్నవీ లేనివీ అడిగింది. మాటల మధ్యలో కంప్యూటర్ తెర తనంతట తనే తెల్లబడింది. మళ్లీ లాగిన్ అవ్వమంది.

"పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే ఇంతే మేడమ్. ప్రాణం తీస్తుంది," అన్నాడు బాబు.

తర్వాత మేనేజర్ని పిలిచింది. ఇరవై ఏళ్ల కిందట కూలీగా చేరి మెట్టు మెట్టుగా ఎక్కినవాడు. అరచేతులు ఇంకా మొరటుగానే ఉన్నాయి. గోడ మీద తారుతో పెద్ద అక్షరాలు: వంచి ఎత్తు. ఆ మాట అతనే రాయించాడట. రెండేళ్ల కిందట దోమల వల్ల సగం మంది జ్వరాలతో పడ్డారు. అప్పటి నుంచి టైరు చేత్తో ఎత్తినా, ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తినా, ముందు వంచి నీళ్లు పారబొయ్యాలి. ఇప్పుడది కూలీలకి కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వెళ్లడంలాంటి అలవాటైపోయింది.

రెండున్నర దాటింది. పోస్ట్‌మార్టం డాక్టర్ ఫోన్ చేశాడు. దెబ్బ టైరుది కాదు. సన్నటి ఇనపకడ్డీ. టైర్లు ఊడదీసే లివర్ కావచ్చు. చావు ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య.

అంటే హత్య. ఇన్‌స్పెక్టర్ మళ్లీ నాలుగో వరసకి నడిచింది. దొంతరల మధ్య వెలుగు సన్నగా పడుతోంది. అటూ ఇటూ నల్లటి గుండ్రటి నోళ్లు వందల కొద్దీ తెరుచుకుని ఉన్నాయి. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన భయం పుట్టకుండా ఉండదు.

ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ అక్కడే ఉన్నాడు. బండి బ్యాటరీది, నడిచినా చప్పుడు రాదు. టీకి వెళ్లేటప్పుడు తాళం ఆఫీసు గోడకి తగిలించి వెళ్లానన్నాడు. ఇంకెవరికి నడపడం వచ్చని అడిగితే మేనేజర్‌కి వచ్చన్నాడు. ఆగి, పోర్టల్ బాబుకి కూడా వచ్చన్నాడు. రిపోర్టుతో పాటు వీడియో పెట్టాలట. ఒకసారి బాబు తనే నడుపుతూ తీయించుకుంటానంటే ఈ డ్రైవరే నేర్పించాడట.

తర్వాత అతను పక్కన పెట్టిన ఆ ఎనిమిది టైర్లవైపు చూసి మామూలుగా అన్నాడు:

"వీటిని ఎప్పుడిస్తారు మేడమ్? ఇవింకా చావలేదు. చావందే లెక్క తేలదు."

ఇన్‌స్పెక్టర్ అతని మొహంలోకి చూసింది.

"చావడమంటే?"

అతనికి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. ఈ యార్డులో పసివాడైనా చెబుతాడన్నట్టు చెప్పాడు. టైరు రాగానే మాస్టారు కాల్చిన కడ్డీతో దాని పక్కగోడ మీద నంబరు వేస్తారు. మిషన్‌లో పడ్డాక తన పుస్తకంలో ఆ నంబరు కొట్టేస్తారు. కొట్టేస్తే టైరు చచ్చినట్టు. "టైరుని చంపే హక్కు మాస్టారొక్కరిదే మేడమ్. మేమంతా కోసేవాళ్లమే."

"ఈమధ్య కూడా ఆయన కళ్లతో చూసే కొట్టేసేవారా?"

డ్రైవర్ నేల చూపులు చూశాడు. నాలుగు నెలల నుంచి లేదన్నాడు. మాస్టారికి మోకాళ్ల నొప్పి. మిషన్ దాకా నడవలేక, పోర్టల్ బాబు పంపిన స్లిప్పు చూసి కొట్టేసేవారు.

నాలుగు నాలుగు ఒకటి ఏడు చచ్చింది. నేనే చంపాను. ఇప్పుడది నీ బస్సు కింద ఉంది.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసింది. రెండూ యాభై. సాయంత్రం షిఫ్టు బస్సు నాలుగింటికి కదులుతుంది. హెడ్డుని పిలిచి మాస్టారి సొరుగులోని సుద్దల పెట్టె చేతికిచ్చింది. ఏం చెయ్యాలో చెప్పింది. ఆస్పత్రి గేటుకి ఫోన్ చేసి, ఎవరొచ్చి అడిగినా ఆ బస్సు కదలకూడదంది.

మూడున్నరకి అందరినీ ఏసీ గదిలో కూర్చోబెట్టింది. యజమాని, మేనేజర్, డ్రైవర్, పోర్టల్ బాబు. తలుపు పక్కన మాస్టారి కూతురు. కిటికీ అవతల మిషన్ ఆగి ఉంది. ఆ నిశ్శబ్దం ఎవరికీ అలవాటు లేదు.

"దొంతర కూలిందన్నారు," అంది ఇన్‌స్పెక్టర్. "ఒక గిన్నెలో నీళ్లు పోసి పది అడుగుల ఎత్తు నుంచి పడేస్తే నీళ్లుంటాయా?"

మేనేజర్ అడ్డంగా తల ఊపాడు.

"శవం మీద టైర్లలో నీళ్లున్నాయి. ఆరు రోజుల కిందటి వాననీళ్లు. దోమపిల్లలు కూడా బతికే ఉన్నాయి. ఆ టైర్లు పడలేదు. ఫోర్క్‌లిఫ్ట్‌తో దొంతరని దొంతరగా తెచ్చి, మాస్టారి మీద మెల్లగా దించారు. అందుకే చప్పుడు రాలేదు."

యజమాని చూపు డ్రైవర్ మీదకి వెళ్లింది. డ్రైవర్ మొహం పాలిపోయింది.

"అతను కాదు," అంది ఇన్‌స్పెక్టర్. "అతను గానీ, మేనేజర్ గానీ, ఇక్కడ ఏ కూలీ గానీ అయితే నిద్రలో ఎత్తినా ముందు వంచుతారు. మా హెడ్డు వంచలేదు. తడిసిపోయాడు. ఎందుకంటే ఆయన జన్మలో టైరు ఎత్తలేదు. ఆ దొంతర ఎత్తినవాడూ అంతే. గోడ మీద రాసింది రోజూ చదువుతూ, ఒక్కసారి కూడా చెయ్యని మనిషి."

పోర్టల్ బాబు సీసా తీసుకుని చేతులు రుద్దుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. తను ఎనిమిదీ ఐదు నుంచి పోర్టల్‌లోనే ఉన్నానని, రికార్డు చూసుకోమని అన్నాడు.

"చూశాను. ఎనిమిదీ ఐదుకి లాగిన్. ఎనిమిదీ ఇరవైకి ఆటోమేటిక్ లాగౌట్. ఎనిమిదీ నలభై ఒకటికి మళ్లీ లాగిన్. పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే అంతేనని మీరే చెప్పారు."

ఆమె ఫోన్ మోగింది. మూడూ ముప్ఫై ఆరు. స్పీకర్ పెట్టింది.

"దొరికింది మేడమ్," అన్నాడు హెడ్డు. గొంతులో పొద్దుటి చిరాకు లేదు. "ఎడమవైపు వెనక, బయటి టైరు. మీద కొత్త రబ్బరు అతికించారు. నంబరు గుంటలు పైపైన పూడ్చి నల్ల పాలిష్ కొట్టారు. సుద్దపొడి రుద్దితే తెల్లగా లేచింది. నాలుగు నాలుగు ఒకటి ఏడు."

కూతురు గోడకి ఆనుకుంది. ఆ నంబరు ఆమె పొద్దున మోకాళ్ల మీద వంగి చూసిన చోటికి జానెడు దూరంలోనే ఉంది. ఆమె శవం కోసమో, బాంబు కోసమో చూసింది కానీ టైరువైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ తెర యజమాని వైపు తిప్పింది. 4417. కోసిన తేదీ రెండు నెలల కిందటిది. ఎక్కించినవారు: బావమరిది. ధ్రువీకరించినవారు: మాస్టారు. కోసినట్టు రాసి, కొయ్యకుండా బయట అమ్మేశారు.

"చూశారా, సంతకం ఆయనదే," అన్నాడు బాబు. "అమ్ముకుంది ఆయనే. నాకేం తెలుసు?"

"అమ్ముకున్నవాడైతే కూతుర్ని ఆ బస్సెక్కనిచ్చి నోరు మూసుకునేవాడు."

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి చెప్పింది. నిన్న సాయంత్రం బస్సు ఇంటి ముందు ఆగినప్పుడు పాలిష్ మీద దుమ్ము పట్టి ఉంటుంది. గుంటల్లో అంకెలు తేలి ఉంటాయి. తన చేత్తో కాల్చిన అంకెని మాస్టారు గుర్తుపట్టకుండా ఉంటారా? పొద్దున్నే వచ్చి పుస్తకం తీశారు. కొట్టేసి ఉంది. కూతురికి ఫోన్ చేశారు. తర్వాత ఇంకెన్ని మాయమయ్యాయో చూడాలని సుద్ద పట్టుకుని నాలుగో వరసకి వెళ్లారు. వెనకాల ఒకడు వచ్చాడు.

"ఫోన్ చేసే ముందు ఆయన మీతో ఏమన్నారు?" అని అడిగింది బాబుని.

అతను బావ మొహం చూశాడు. బావ మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నిజం రిపోర్టు రాసి పంపుతానన్నాడు," అన్నాడు. "ఒక్క నెల ఆగు, నేనే సర్దుతానన్నాను. నెలలో ఆ బస్సు అరవైసార్లు తిరుగుతుంది, నా కూతురు అందులో ఉంటుంది అన్నాడు. వినలేదు."

రిజిస్టర్ అతని కారు డిక్కీలో దొరికింది. లివర్ దాని కిందే ఉంది. తుడిచాడు కానీ సరిగ్గా తుడవలేదు.

అతన్ని జీపెక్కించి పంపేశాక, కూతురు రిజిస్టర్ చూస్తానంది. ఇన్‌స్పెక్టర్ చూపించింది. నాలుగు నెలల పేజీలు. కొట్టేసిన నంబర్ల పక్కన ఆ పొద్దున మాస్టారు ఎర్ర ఇంకుతో ఒకే మాట రాసుకుంటూ పోయారు: చూడలేదు. చూడలేదు. చూడలేదు. పేజీ చివర కూడిక. ఆరువందల పదమూడు.

"అంటే నాన్న తప్పు కూడా ఉంది," అంది ఆ పిల్ల.

"ఉంది."

ఇన్‌స్పెక్టర్ అబద్ధం చెప్పదలచుకోలేదు. చూడకుండా సంతకం పెట్టడం తప్పే. కానీ ఆ తప్పుని ఒప్పుకోబోయినందుకే ఆయన్ని చంపారు. ఆ రెండు మాటలూ చెప్పింది. పిల్ల రెండూ విన్నది. అప్పుడు ఏడ్చింది.

ఆస్పత్రి నుంచి హెడ్డు మళ్లీ ఫోన్ చేశాడు. టైరు విప్పిన మెకానిక్ లోపల ఉబ్బు చూశాడట. పేలడానికి ఇంకొక ట్రిప్పు, మహా అయితే రెండు అన్నాడట. నాలుగింటి బస్సులో ముప్ఫై ఇద్దరు ఎక్కాల్సింది. ఇన్‌స్పెక్టర్ ఆ సంగతి వైర్‌లెస్‌లో అన్ని స్టేషన్లకీ చెప్పింది. ఆ ఆరువందల పదమూడు నంబర్లు చదవడానికి చాలాసేపు పడుతుంది. అవతల మెయిన్ రోడ్డు మీద లారీలు, బస్సులు రయ్యిమని పోతూనే ఉన్నాయి.

రెండో జీపు వచ్చింది. ఇంటి దగ్గర దింపుతానంది ఇన్‌స్పెక్టర్.

ఆ పిల్ల తలుపు దాకా వచ్చి ఆగింది. వంగి, నేల మీది దుమ్ము గుప్పెడు తీసింది. ముందు టైరు పక్కగోడకి రుద్దింది. అరచేత్తో తుడిచి, కళ్లు దగ్గరగా పెట్టి చుట్టూ చూసింది. లేచి రెండోదాని దగ్గరికి వెళ్లింది. తెల్ల యూనిఫాం మోకాళ్ల దగ్గర నల్లబడింది. జీపు డ్రైవర్ ఏదో అనబోతే ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపింది. మూడోది. నాలుగోది.

"ఏమీ లేవు మేడమ్," అంది చేతులు దులుపుకుంటూ. "నాన్న ఎక్కకు అన్నారు కదా. అందుకని చూశాను."

తలుపు తీసుకుని ఎక్కింది.